తప్పే దొరకని వైద్యం

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటితే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కొవిడ్ టీకా కొవాగ్జిన్ పుట్టిన చోటు. దాన్ని తయారుచేసినవాళ్లు 25,800 మంది మీద పరీక్ష చేసి, లక్షణాలున్న కొవిడ్‌ను 77.8 శాతమే ఆపగలిగామని 2021 నవంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చేయించుకున్నారు. వంద కాదని తామే చాటుకున్నారు, పాపం వ్యాపారం తెలియని మనుషులు! ఆ ఫలితాలు చేతికి రాకముందే జనవరిలో ప్రభుత్వం అనుమతిచ్చిందని జనం దుమ్మెత్తి పోశారు. పోయాల్సిందే.

అదే రోడ్డు పక్కన గుడారం వేసుకున్న మూలికల వైద్యుడికి ఈ బాధల్లేవు. పక్షవాతానికి, షుగరుకు, మొలలకు, సంతానానికి ఒకటే సీసా. తయారీ తేదీ లేదు, గడువు లేదు, లోపలేముందో రాసి లేదు. గ్యారంటీ మాత్రం నూటికి నూరు.

మేడ్చల్ చాయ్ బండి దగ్గర ఆయన తరఫు వకీలు తయారుగా ఉంటాడు. "అన్నా, అమెరికాల డాక్టర్ల తప్పులకే ఏటా రెండున్నర లక్షల మంది సస్తున్నరంట!" నిజమే, 2016లో బీఎంజే వైద్య పత్రికలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2,51,454 అని రాశారు. గుప్పెడు మరణాలున్న పాత అధ్యయనాలను దేశమంతటికీ సాగదీసిన అంచనా అది. దాన్ని ఉతికి ఆరేసిందీ డాక్టర్లే. సరే, అంతా నిజమే అనుకుందాం. ఆ శవాలను లెక్కపెట్టింది ఎవరు? ఆ వైద్యం వాళ్లే. తక్కెడే లేని కొట్టు మీద తక్కువ తూకం కేసు ఎవడు పెడతాడు?

2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య ఇచ్చే కొవిడ్ నాటుమందు కోసం జనం వేలల్లో ఎగబడ్డారు. కంటి చుక్కలను పక్కనపెట్టి, మరికొన్ని రకాలకు మే 31న ఆంధ్ర ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చేసింది. ఎందరు తిన్నారు, ఎందరు కోలుకున్నారు, ఎందరు పోయారు? కోలుకున్నవాడు వీడియోలో మాట్లాడాడు. పోయినవాడు మాట్లాడడు కదా.

మూలిక మీద నాకు పగ లేదు. సర్పగంధను రోగులకిచ్చి, బీపీ ఎంత దిగిందో కొలిచి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్. అది లోకమంతా వాడిన మందైంది. తర్వాత కొందరికి మనసు కుంగుతోందన్న ఫిర్యాదూ నమోదైంది. నమోదైంది కాబట్టే జాగ్రత్తపడ్డారు.

కార్పొరేటు ఆసుపత్రులూ, మీరు మురిసిపోకండి. లాబీలో వినాయకుడున్నాడు, ఫౌంటెన్ ఉంది, ప్యాకేజీల బోర్డుంది. ఆపరేషన్ తర్వాత చీము పట్టినవాళ్లెందరో చెప్పే బోర్డు ఏ గోడకుంది? అందుకే మా చాయ్ బండి దాకా అమెరికా లెక్క దిగుమతి అవుతోంది.

కాబట్టి అన్నలారా, అక్కలారా, గుడారంలో సీసాకు డబ్బిచ్చే ముందు, ఎందరికి నయమైందో ఎందరికి కాలేదో రాసిన రిజిస్టరు చూపించమనండి. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టే ముందూ అదే అడగండి.