ఎకరం డెబ్బై ఆరు సెంట్లు

ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68. కంకిపాడు లెక్కలో చెప్పాలంటే ఎకరం డెబ్బై ఆరు సెంట్లు. అంత పల్లపు భూమిని ఇరవై రెండు మంది పరిగెత్తడానికి వదిలేశాడంటే ఆ మనిషికి మా వైపు పిల్లనివ్వరు. సార్వాకి వరి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, నిలబడ్డ చేలోనే మినుములు చల్లేస్తారు. కొడవలి పైరు కోస్తుంటే కింద మొలక లేస్తూ ఉంటుంది. ఇక బంతికి సందెక్కడ? క్రికెట్టయితే రోడ్డు మీద కూడా ఆడుకోవచ్చు. కబడ్డీకి కళ్ళం చాలు. ఫుట్‌బాల్‌కి మాత్రం భూమి కావాలి, అదీ మంచి మాగాణి కావాలి.

అయినా 1998లో మా కాలేజీలో ఫుట్‌బాల్ టీమ్ పుట్టింది. (కాలేజీ పేరెందుకులెండి, మర్యాద కాదు.) దీనికంతా బాధ్యుడు జిదాన్. ఆ జూలైలో ప్రపంచ కప్ ఫైనల్లో బ్రెజిల్ మీద తలతోనే రెండు గోల్స్ కొట్టాడు. మనకది అర్ధరాత్రి దాటాక. తలతో ఆడే ఆటయితే మనకూ ఒకటుందిగా అనుకుని, పొద్దున్నే నిద్రకళ్ళతో పదకొండు మందిమి పీడీ సారు గది ముందు నిలబడ్డాం. సారు ఓసారి మమ్మల్ని చూశారు, ఓసారి బయటికి చూశారు.

"గ్రౌండ్ చిన్నదిరా" అన్నారు. మా గురించి ఏమీ అనలేదు.

నలుగురు కబడ్డీ వాళ్ళు, ఐదుగురు క్రికెట్ వాళ్ళు, సొంత బంతి ఉన్నవాడొకడు, నేను. ఎడమ చేత్తో రాస్తాను గనక నన్ను ఎడమ వైపు నిలబెట్టారు. నా కాళ్ళు రెండూ కుడివైపువే అని తర్వాత తేలింది. వికెట్ కీపర్‌ని గోల్‌కీపర్ని చేశారు. ఆ నిర్ణయం ఎంత దూరం తీసుకెళ్ళిందో తర్వాత చెబుతాను.

ఆఫ్‌సైడ్ నేర్పడానికి సారుకి మూడు వారాలు పట్టింది. చివరికి పెళ్ళి భోజనాల్లోంచి చెబితే గానీ ఎక్కలేదు. "పంక్తి ఇంకా లేవకముందే విస్తరి వెనకాల వెళ్ళి నిలబడేవాడుంటాడు చూడు, వాడురా ఆఫ్‌సైడ్!" అన్నారు. ఆ దెబ్బతో అందరికీ అర్థమైంది. ఎందుకంటే అందరం అదే బాపతు. కబడ్డీ వాళ్ళది వేరే గొడవ. ఎవడైనా బంతితో మీదికొస్తే వాళ్ళ చేతులు వాటంతటవే చీలమండకి పోయేవి. ఫౌల్ కదరా అంటే, "మన కోర్టులోకి వచ్చాడు కద్సార్, పట్టాను" అనేవాడు మా డిఫెండర్. ధర్మంగా చూస్తే వాడి మాటలోనూ న్యాయం ఉంది.

చొక్కాల మీద నంబర్లు వేయించడానికి బందరు రోడ్డు మీద లారీలకీ ట్రాక్టర్ తొట్లకీ రంగులేసే పెయింటర్ దగ్గరికి వెళ్ళాం. చెయ్యి తిరిగిన మనిషి. ఏడు అంకెకి ఎర్రనీడ, నీడకి పసుపు గీత, కింద రెండు తామరపూలు. డబ్బులు తీసుకుంటూ, "వెనకాల ఖాళీ ఉంది, హారన్ ప్లీజ్ రాయనా?" అని అడిగాడు. మా ఆట చూశాక అనిపించింది, రాయించుకోవాల్సింది.

గ్రౌండు పక్కనే ఒక రైతు చేను. గట్టిగా తన్నిన ప్రతి బంతీ అందులోకే. వెళ్ళి వెతుకుదామంటే గట్టు మీంచి కేక. "ఒరేయ్, చేను పొట్ట మీదుందిరా! కాలు పెట్టారంటే చూడండి!" రెండు నెలల్లో మూడు బంతులు వరిలో కలిసిపోయాయి. సారు మమ్మల్ని ఊరడించేవారు. "కోతలు కానివ్వండి. చేను ఖాళీ అవుతుంది, అడిగి అక్కడే ఆడుకుందాం." సారుది రాయలసీమ లెండి, పాపం.

నవంబరులో అంతర్ కళాశాలల పోటీలు. లీగ్‌లో మూడు మ్యాచ్‌లు. మొదటిది బెజవాడ వాళ్ళతో, 9-0. సున్నా మాది.

తిరుగు బస్సులో సారు రహీం సాబ్ కథ చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు బడిపంతులు, భారత జట్టు కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆ చలిలో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆయన కుంగిపోలేదు. బూట్లు తొడిగించారు, ఆట మార్చారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మా ఎంపీసీ వాడు లెక్కేసి, "వాళ్ళకీ మనకీ గోల్స్ తేడా సమానమే సార్, తొమ్మిది" అన్నాడు. బస్సంతా ఊపొచ్చింది. ఉయ్యూరు వెళ్ళే ముసలాయన ఒకడు మాత్రం, "ఆయనకి పదేళ్ళు పట్టిందిగా బాబూ, మీకు మళ్ళీ ఆటెప్పుడు?" అన్నాడు.

ఎల్లుండే.

ఆ ఎల్లుండి అవతలి టీమ్ రాలేదు. వాకోవర్. ఒక్క చెమట చుక్క కారకుండా గెలిచాం, నిమ్మసోడాలు తాగాం, ఊళ్ళో ఎవరు స్కోరడిగినా "మనదే" అని మాత్రం చెప్పాం.

మూడోది గుంటూరు వాళ్ళతో. రాత్రంతా వాన, గ్రౌండంతా దమ్ము చేసిన మడిలా ఉంది. వాళ్ళ కొత్త స్పైకులు దిగబడితే పైకి రావడం లేదు. మావాళ్ళు బూట్లు గట్టున విప్పేశారు. నాట్లలో తిరిగిన కాళ్ళు, బురదకి బెదిరేవి కావు. బంతి వాళ్ళ గోల్ ముందు గుంటలో ఆగింది, వాళ్ళ కీపరు జారుకుంటూ దాన్ని దాటిపోయాడు, మా కబడ్డీ వాడు పొట్ట మీద పాక్కుంటూ బంతితో సహా గీత దాటాడు. ఆ సీజన్ మొత్తానికి అదే మా గోలు. ఇంకో పది నిమిషాలుందనగా 1-1.

అప్పుడొచ్చింది ఎత్తుగా ఒక బంతి. మా వికెట్ కీపర్ గాల్లోకి లేచి రెండు చేతులా పట్టాడు. అద్భుతమైన క్యాచ్. "హౌజాట్!" అని అరిచి, అలవాటు కొద్దీ ఆనందంగా బంతిని నెత్తిమీంచి వెనక్కి ఎగరేశాడు. వెనకాల మా గోలే ఉంది.

డిసెంబరులో కోతలయ్యాయి. ఓ సాయంత్రం ఆ రైతు గోనె సంచి పట్టుకుని సారు గదికొచ్చాడు. సంచిలో మూడు బంతులు. ఒకదాన్ని ఎలుక కొరికి కాపురం పెట్టింది, మిగతా రెంటికీ తోలు మెత్తబడి మట్టి పట్టింది.

"దిగుబడి ఎలా ఉంది బాబాయ్?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు, మూడు బంతులు" అన్నాడు.

అదను చూసి సారు అసలు మాట కదిపారు. "చేనెలాగూ ఖాళీ అయింది కదండీ, పిల్లలు ఓ రెండు నెలలు..."

ఆయన సారుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. వరి దుబ్బుల మధ్య మినుము అప్పటికే రెండాకులేసింది.