స్ప్లిట్టుగారు

హైదరాబాదు మొదలుకొని విశాఖపట్టణము వరకు హామ్ రేడియో మిత్రులు నలుగురు కూడిన ప్రతి తావునను ఒక పెద్దమనిషి తప్పక కానవచ్చును. ఆయన కాల్ సైన్ ఏదైనను, నామధేయ మేదైనను, పరోక్షమున అందరును ఆయనను పిలుచునది స్ప్లిట్టుగారు అనియే. వినుట యొకచోటను పలుకుట వేరొకచోటను జరుగవలె నన్నది ఆయన జీవితసూత్రము. గృహమునందును దీనినే పాటించుచున్నారని ఇల్లాలి అభియోగము: కరెంటు బిల్లు కట్టితిరా అని ఆమె వంటింటినుండి కేక వేసినచో, జపానువాడు బ్రహ్మాండముగా వినబడుచున్నాడని మేడమీదినుండి సమాధానము దిగివచ్చును.

పూర్వము, మాటలును మోర్సును ప్రధానముగా నున్న రోజులలో, ఈ వర్గమువారి ధర్మరక్షణము మిక్కిలి ఘోషతో కూడియుండెడిది. ఏ మారుమూల దీవినుండియో అరుదైన స్టేషనొకటి పలుకుచు, తాను 5 కిలోహెర్ట్జ్ పైన వినుచున్నానని చెప్పుచుండగా, ఆ సంగతి గ్రహింపని అమాయకు డొకడు దీవివాడు పలుకుచోటనే పిలిచెనా, వెంటనే దిక్కులన్నింటినుండియు స్ప్లిట్టుగార్లు విజృంభించి, 'అప్! అప్! స్ప్లిట్!' అని అచ్చోటనే అరచి, దీవివాని గొంతు ఎవరికిని వినబడకుండ చేసి, శాంతిభద్రతలు నెలకొల్పెడివారు.

1993లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానమందిన అమెరికా శాస్త్రజ్ఞుడు జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో ఎఫ్‌టీ8 అను డిజిటల్ విధానమును వెలువరించిన పిమ్మట ఆ కేకలకు తావు తగ్గెను. ఇందు 15 సెకండ్ల కొక వంతు. ఒక వంతులో 12.64 సెకండ్లు మన కంప్యూటరు ఈల వేయును, మరు వంతులో చెవి యొగ్గును. కాల్ సైన్, హైదరాబాదువారికి ఎంకే97 అనెడి గ్రిడ్ స్థానసంకేతము, మైనస్ 12 వంటి రిపోర్టు, కడపట వీడ్కోలుగా 73. సంభాషణ యంతయు నింతే. ఎదుటివానికి పిల్ల లెందరని అడుగు సదుపాయము లేదు. 20 మీటర్ల బ్యాండునందు లోకమంతయు 14.074 మెగాహెర్ట్జ్ వద్ద చేరి, సుమారు 3000 హెర్ట్జ్ వెడల్పుగల ఆ సందులో మనిషికి 50 హెర్ట్జ్ చొప్పున సర్దుకొనును. నోరే లేని ఈ లోకమున స్ప్లిట్టుగారి గతి యేమగునో అని మేమందరము చింతించితిమి. ఆయన ఇండ్లకు రాసాగెను.

క్రొత్తగా లైసెన్సు వచ్చిన మా వీధి కుర్రవాని గదిలో నొక ఆదివారము ఆయన ప్రవేశించుట నేను కన్నులార చూచితిని. కుర్చీ యిచ్చినను కూర్చుండక, జేబునుండి ఫోను తీసి, బ్యాండులోని ఈలలను గీతలుగ చూపు తన ఇంటి వాటర్‌ఫాల్ ఛాయాచిత్రమును ముందు పెట్టెను.

"ఇది నువ్వే కదూ బాబూ?"

"అవునంకుల్, 600 దగ్గర."

"మరి 1200 దగ్గర? 1800 దగ్గర? 2400 దగ్గర ఎవరు? నీ తమ్ముళ్లా?"

కుర్రవాడు తెల్లబోయెను. అపరాధము నిజమే. శబ్దము మోతాదు మించినచో రేడియోలోనే దాని హార్మోనిక్కులు పుట్టును. 600 హెర్ట్జ్ ఈలకు పుట్టిన పిల్లలు 2400 వరకు ప్రసారఫిల్టరులోనుండి నిరాటంకముగ వెలికి వచ్చి, పరుల స్థలములలో కాపురము పెట్టును. స్ప్లిట్ పెట్టినచో, ప్రసారవేళ సాఫ్ట్‌వేరు డయలును 14.073కు దింపి, ఈలను 1600కు పెంచును. గాలిలో మన స్థానము మారదు. కాని ఈల యెల్లప్పుడును 1500, 2000ల నడుమ నుండుటచే, దాని రెండవ హార్మోనిక్కు 3000 చేరి, ఫిల్టరు గోడకు తల తాకి పడిపోవును. ఇంత చక్కని ఉపాయమును ఇంత చికాకు కలిగించునట్లు బోధింపగలవారు అరుదు. ఆయన పలుకుటయు ఎఫ్‌టీ8 తాళముననే. పావునిమిష ముపన్యసించి, పావునిమిషము కన్నులు మూసికొనును. పలుకు వంతులో కుర్రవాని తల్లి తెచ్చిన కాఫీ ఆయనకు కనబడలేదు. విను వంతు వచ్చువరకు ఆ తల్లి గ్లాసుతో నిలుచుండెను.

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అను ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేరు సెట్టింగులలో స్ప్లిట్టునకు మూడు మార్గములు కలవు: అసలు వలదనుట, రిగ్, ఫేక్ ఇట్. రిగ్ అన్నచో రేడియోలో ఫ్రీక్వెన్సీని నిలుపు రెండవ వీఎఫ్‌ఓ ప్రసారము చేయును. ఫేక్ ఇట్ అన్నచో ఉన్న ఒక్క వీఎఫ్‌ఓనే సాఫ్ట్‌వేరు అటునిటు త్రిప్పును. కుర్రవాడు ఫేక్ ఇట్‌ను నొక్కబోగా స్ప్లిట్టుగారి ముఖము వివర్ణమయ్యెను.

"రెండూ ఒకటే పని చేస్తాయి కదంకుల్?"

"చేస్తాయి. మా ఇంట్లో మాత్రం రిగ్గే."

ఈ యాభిజాత్యమునకు శాస్త్రాధారమేదియు లేదని నా యభిప్రాయము. గాలిలోనికి పోయిన పిదప ఏది దేనిదో ఆయనయు గుర్తింపజాలడు.

ఆయన కొకే యొక దుఃఖము: అరుదైన స్టేషన్లకై కల్పించిన ఫాక్స్-హౌండ్ పద్ధతి. అందు హౌండ్లనబడు పిలుచువారందరును 1000 హెర్ట్జ్ పైననే పిలువవలెను. ఫాక్స్ అనబడు ఆ స్టేషనువాడు బదులిచ్చినంతనే సాఫ్ట్‌వేరే మనలను అతని చెంతకు దింపును. పొరపాటు చేయువాడు లేనిచోట దిద్దువాడేమి చేయును?

అయినను ఆయన చెప్పినదానిలో తప్పు లేదు. అదియే మన ప్రారబ్ధము. కావున ఎఫ్‌టీ8 మొదలిడు చిరంజీవులారా, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సెట్టింగులలో రిగ్ గాని ఫేక్ ఇట్ గాని నేడే ఎంచుకొనుడు; మోతాదు మించుటను తెలుపు ఏఎల్‌సీ ముల్లు లేవకుండ శబ్దమును తగ్గించుకొనుడు; దూరపు డీఎక్స్ స్టేషను నెత్తిమీద గాక, ఖాళీ జాగా చూచి పిలువుడు. లేనిచో స్ప్లిట్టుగారు వత్తురు. వచ్చినచో భోజనము కానిదే పోరు.