ఎల్లారెడ్డి ఫోల్డరావతరణం

ప్రబంధమన్నాక ముందు పురవర్ణన ఉండాలి. సరే. కామారెడ్డి! 2016 అక్టోబర్ 11న నిజామాబాద్ కడుపు చీల్చుకుని పుట్టిన జిల్లాకు రాజధాని, బెల్లానికి పేరుమోసిన పట్టణం. అక్కడ ఒక ఆఫీసు (పేరు అడగొద్దు), ఆఫీసులో ఒక మూలగది, ఆ గదిలో ఏసీ చలికి యోగనిద్ర పోతున్న సర్వరు. ఇక ఎల్లారెడ్డిలో, తిరగని ఫ్యాను కింద, ల్యాప్‌టాప్ ముందు కథానాయకుణ్ణి నేను. ధీరోదాత్తుణ్ణని నేనే చెప్పుకోవడం బాగుండదు.

కార్యం మహత్తరమైనది: స్కాన్ చేసిన కాగితాలు దాచడానికి మండలానికో ఫోల్డర్ పుట్టించాలి. రైట్‌క్లిక్ కొట్టి ‘న్యూ ఫోల్డర్’ అనడం పిల్లల పని. వీరుడన్నవాడు ఎస్‌క్యూఎల్ క్వెరీ లోంచే పుట్టిస్తాడు.

దానికి అస్త్రం, క్వెరీ లోంచే విండోస్‌కు ఆజ్ఞలిచ్చే ఎక్స్‌పీ కమాండ్‌షెల్. పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు ఎక్కించినట్టు, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దీన్ని ఎవరికీ అందకుండా ఆపేసి పెట్టింది. దింపడానికి మంత్రం ఉంది. ‘షో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ఒకటి, రీకాన్ఫిగర్. ‘ఎక్స్‌పీ కమాండ్‌షెల్’ ఒకటి, మళ్ళీ రీకాన్ఫిగర్. రెండో రీకాన్ఫిగర్ మరిచిపోయి పావుగంట తపస్సు చేశాను, ఆ సర్గ వదిలేద్దాం.

ఎఫ్5 నొక్కాను. కర్సర్ టేబుల్లోని పేర్లను ఒక్కొక్కటే పిలిచింది. గాంధారి కదిలింది, నాగిరెడ్డిపేట కదిలింది, లింగంపేట కదిలింది. పేరు పేరుకూ తెర మీద ఒకే ఒక్క వరుస, అందులో ‘నల్’. ఫోల్డర్ సవ్యంగా పుడితే అది చెప్పే మాట అంతే. ఇంత నిరాడంబరమైన విజయభేరి ఏ కావ్యంలోనూ మోగి ఉండదు.

మీసం దువ్వి నా డీ డ్రైవ్ తెరిచాను. పాత పెళ్ళి వీడియో తప్ప ఏమీ లేదు.

కామారెడ్డిలో సర్వరు చూసుకునే అన్నకు ఫోన్ కొట్టాను. “అన్నా, ఫోల్డర్లు పడ్తలేవు.”

“పడ్డయ్ తమ్మీ. నీ డీ డ్రైవ్‌ల కాదు, సర్వర్ డీ డ్రైవ్‌ల. క్వెరీ నడిచేది ఈడ గదా!” కాసేపు మౌనం. “గని ఇదేంది, ‘ఎల్లా’ అని ఉన్నది. రెడ్డి యాడ వోయిండు?”

టేబుల్లో ఎవరో పుణ్యాత్ముడు ‘ఎల్లా రెడ్డి’ అని మధ్యలో ఖాళీ వదిలి కొట్టాడు. నేనేమో పాత్‌కు డబుల్ కోట్స్ పెట్టలేదు. విండోస్‌కు సమాసాలు తెలియవు. ఖాళీ కనబడితే చాలు, రెండు ఫోల్డర్లు అడిగారనుకుంటుంది. ‘ఎల్లా’ డీ డ్రైవ్‌లో వెలిసింది. దారి చెప్పని ‘రెడ్డి’ మాత్రం కమాండ్‌షెల్ ఉన్న చోటే, సీ డ్రైవ్ విండోస్ కోటలో, సిస్టమ్32 అంతఃపురంలో తేలాడు! ఎస్‌క్యూఎల్ సర్వర్ నడిచే సర్వీసు అకౌంటుకు అంతఃపుర ప్రవేశం ఎవరిచ్చారో గానీ, ఇవ్వకూడనిది.

రెండో దండయాత్రకు ఎక్స్‌పీ క్రియేట్ సబ్‌డిర్‌ను పిలిచాను. మైక్రోసాఫ్ట్ పుస్తకాల్లో దాని ఊసుండదు, పని మాత్రం శుభ్రంగా చేస్తుంది. ఖాళీలకు బెదరదు, దారిలో లేని ఫోల్డర్లనూ తనే కడుతుంది, ఉన్నదాన్ని మళ్ళీ అడిగినా గొడవపడదు. కమాండ్‌షెల్‌ను సున్నా చేసి జమ్మి ఎక్కించాను.

‘ఎల్లా’నూ ‘రెడ్డి’నీ అన్న రైట్‌క్లిక్ కొట్టి డిలీట్ చేశాడు.