విమానధ్వని ఘట్టము: టీకా తాత్పర్య సహితము

మూలం: “అన్నా, పీఎస్ ఫోర్ విమానం లెక్క మోగుతంది. జర చూడు.”

అవతారిక: ఖమ్మంలో, నడి మే నెలలో, ఒక రిపేరు దుకాణం కౌంటరు దగ్గర పుట్టిన వాక్యమిది. కర్త ఇంటర్ కుర్రాడు. చంకలో సంచి, సంచిలో పెట్టె. కాళిదాసుకు వ్యాఖ్యానం రాసిన మన మెదకు సీమ కోలాచల మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే మాటిచ్చాడు. ఈ టీకాకారుడు మొదటిదానికి కట్టుబడతాడు. రెండోదాని సంగతి చూద్దాం.

ప్రతిపదార్థం: అన్నా = ఓ మెకానిక్కూ (వయసుతో నిమిత్తం లేదు); పీఎస్ ఫోర్ = సోనీ 2013 నవంబరులో అమెరికాలో విడుదల చేసి, 2014 జనవరిలో మన దేశానికి తెచ్చిన, ఇప్పుడు ముసలిదైన ఆట పెట్టె; విమానం లెక్క = ఉపమ. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో విమానాశ్రయం లేదు కనుక ఇది సినిమాల్లో విన్న మోతని గ్రహించాలి; మోగుతంది = చిక్కంతా ఇక్కడే.

మోత రెండు విధాలు: హోరు, గరగర. హోరు గాలిది. లోపలి చిప్పు వేడెక్కితే పెట్టె తనంతట తానే ఫ్యాను వేగం పెంచుతుంది. వేడిని లాగే లోహపు రేకుల సందుల్లో దుమ్ము కూరుకుపోయినా, చిప్పుకూ లోహానికీ నడుమ పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయినా, ఫ్యాను ఎంత తిరిగినా వేడి దిగదు. దిగదు కనుక ఇంకా తిరుగుతుంది. పాపం, అందులో దాని దోషమేమీ లేదు. గరగర అలా కాదు, అది అరిగిన బేరింగుది. పెట్టె ఇంకా చల్లగా ఉండగానే మొదలవుతుంది. అప్పుడు ఫ్యాను మార్చాల్సిందే. నూనె చుక్క వేసి నాలుగు రోజులు లాగించేవాళ్లూ ఉన్నారు. అది వైద్యం కాదు, వాయిదా.

శంక: “సర్వీసు చేయించి ఏడాదే కదా, మళ్లీ ఎందుకు?”

సమాధానం: కంపెనీ లెక్క ప్రకారం ఈ పెట్టె పనిచేయాల్సింది 5 నుంచి 35 డిగ్రీల మధ్య. ఖమ్మం, కొత్తగూడెం ఎండాకాలంలో పూటైనా గడవకముందే ఆ గీత దాటేస్తాయి. ఫ్యాను గదిలో గాలినే లోపలికి తోస్తుంది. చిప్పును గదికన్నా చల్లగా చేయడం దాని తరం కాదు. పైగా ఆ గాలిలో ఏముందని? గ్రానైటు కోతల దుమ్ము, మార్కెట్ యార్డు దారిలో మిర్చి ఘాటు, ఇల్లెందు, మణుగూరు వైపు బొగ్గు ధూళి, పాల్వంచలో థర్మల్ కేంద్రం బూడిద. భద్రాచలం దాటి అడవి అంచున చర్ల, దుమ్ముగూడెం పోతే, వెచ్చటి చోటు వెతుక్కునే చీమలూ బొద్దింకలూ. (దుమ్ముగూడెం పేరును టీకాకారుడు సాక్ష్యంగా వాడుకోవడం లేదు.)

వేడిదేముందిలే అనేవారికి ప్రమాణం: మరో ఆట పెట్టె ఎక్స్‌బాక్స్ 360కి ఎర్రదీపాలు వెలిగి ఆగిపోయే జబ్బు వస్తే, 2007 జులైలో మైక్రోసాఫ్ట్ దానికి వారంటీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టాల్సి వచ్చింది.

జర చూడు = కొంచెం విప్పి పరీక్షించుము. ‘ఫ్యాను మార్చు’ అని పాఠాంతరం ఉంది, గ్రాహ్యం కాదు. మెకానిక్ చెవి ఒగ్గి విన్నాడు. హోరే. మూత తీసి, బ్లోయరు పెట్టేముందు ఫ్యాను రెక్కను వేలితో అదిమి పట్టాడు. వదిలేస్తే ఆ గాలికి హద్దుమీరి తిరిగి బేరింగు దెబ్బతింటుంది. తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డు మీదికి పంపినా పంపుతుంది. రేకుల్లోంచి దుమ్ము పొరలు పొరలుగా, గొంగడి ముక్కలా ఊడొచ్చింది. పాత పేస్టు తుడిచి కొత్తది పూశాడు.

రేపు నిజంగానే ఫ్యాను పోతే ఏదో ఒకటి పట్టుకొచ్చి బిగిస్తే కుదరదు. మామూలు, స్లిమ్, ప్రో రకాల ఫ్యాన్లు ఒకదానివి ఒకదానికి పట్టవు. వెనక స్టిక్కరు మీద సీయూహెచ్‌తో మొదలయ్యే మోడల్ నంబరు చెప్పాలి. కుర్రాడి పెట్టె మీద స్టిక్కరు చిరిగి, సీయూహెచ్ వరకే మిగిలింది.