రెండు చుక్కలకు టీక

మూలం: సిస్.పాత్.అపెండ్("..")

ప్రతిపదార్థం: సిస్ = పైథాన్ తన సొంత సంగతులు దాచుకొను మాడ్యూలునందలి; పాత్ = ఇంపోర్ట్ అనగానే వెదకవలసిన ఫోల్డర్ల వరుసకు; అపెండ్ = తుదిని చేర్చుము; (దేనిననగా) ".." = ఒక మెట్టు పైనున్న ఫోల్డరును.

దేనికి పైన? ఆ మాట మూలంలో లేదు. మూలంలో లేనిది రాయనని పూనిన వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరికైనా ఇక్కడ అధ్యాహారం తప్పేది కాదు. జూపిటర్ నోట్‌బుక్ ఉన్న ఫోల్డర్‌కు పైన అని చాలామంది చెప్పుకునే అర్థం. సరైన అన్వయం అది కాదు. కెర్నల్ నిలబడ్డ చోటికి, అంటే వర్కింగ్ డైరెక్టరీకి పైన. జూపిటర్‌ల్యాబ్‌లో తెరిస్తే కెర్నల్ మామూలుగా నోట్‌బుక్ ఫోల్డర్‌లోనే లేస్తుంది కాబట్టి రెండర్థాలూ ఒకటై పని జరిగిపోతుంది. అదే నోట్‌బుక్‌ను రాత్రిపూట క్రాన్ చేత పేపర్‌మిల్‌తో నడిపించండి. క్రాన్ హోమ్ ఫోల్డర్‌లో నిలబడి పిలుస్తుంది, రెండు చుక్కలు హోమ్ గడప కూడా దాటి పైకి పోతాయి, తెల్లారేసరికి మాడ్యూల్‌నాట్‌ఫౌండ్ఎర్రర్. ఫైలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కవరు మీద "ఎదురింట్లో ఇవ్వగలరు" అని రాసి పోస్టు డబ్బాలో వేసినట్టన్న మాట.

పూర్వపక్షం: మొదటి సెల్‌లో ఓఎస్.సీహెచ్‌డిర్("..") అని చోటే మార్చేస్తే ఇంపోర్టూ కుదురుతుంది, డేటా ఫైళ్లూ దొరుకుతాయి కదా? మొదటిసారి దొరుకుతాయి. కానీ సెల్‌ను ఒక్కసారే నడిపి ఊరుకునే పుణ్యాత్ముడెవరు? ఇంకోసారి షిఫ్ట్-ఎంటర్ కొడితే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోంచి కూడా బయటపడతాడు. అపెండ్‌కు ఆ జబ్బు లేదు, అదే మాట వరుసలో రెండోసారి చేరుతుందంతే. దాని జబ్బు "తుదిని" అన్న పదంలో ఉంది: మీ ఫోల్డర్ పేరు యుటిల్స్ అయి, వరుసలో ముందెక్కడో అదే పేరున్నది ఇంకొకటి ఉంటే అదే దిగుతుంది, అదీ కిక్కురుమనకుండా.

సిద్ధాంతం: పైప్రాజెక్ట్.టామ్ల్ రాసి, పిప్ ఇన్‌స్టాల్ -ఇ . అనడం. "అందులోనూ చుక్క ఉందిగా!" అని ఆక్షేపణ. ఉంది, దాని అర్థం ఇన్‌స్టాల్ నాడే తేలి, పూర్తి చిరునామాగా సైట్-ప్యాకేజెస్‌లో నమోదైపోతుంది. రెండు చుక్కలకేమో కెర్నల్ లేచిన ప్రతిసారీ కొత్తగా అర్థం చెప్పుకోవాలి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపితే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే, ఇల్లు మారితే ఆధార్‌లో చిరునామా మార్చుకోమా! నోట్‌బుక్ పక్కనే ఒక్క ఫైలు పెట్టుకున్నవాడికి ఇదంతా దండగే, ఒప్పుకోవాలి.

ఇక డేటా ఫైళ్లను చదివే పాండాస్ రీడ్_సీఎస్‌వీ. ఇన్‌స్టాల్ చేసినా అది వర్కింగ్ డైరెక్టరీనే అడుగుతుంది. నోట్‌బుక్‌లో __ఫైల్__ అనే పేరే లేదు, తానెక్కడున్నదీ దానికి తెలియదు. ఇంపోర్ట్ అయిన మాడ్యూల్‌కు తెలుసు. -ఇ తో పెట్టినది మన సోర్స్ ఫోల్డర్‌లోంచే వస్తుంది కూడా. కనుక ప్యాకేజీలోనే __ఫైల్__ నుంచి ప్రాజెక్ట్ మొదలును లెక్కగట్టి రూట్ అని పేరు పెడితే, నోట్‌బుక్ దాన్ని తెచ్చుకొని రూట్ / "డేటా" / "అమ్మకాలు.సీఎస్‌వీ" అని అడుగుతుంది, తాను ఎక్కడ నిలబడ్డా.