సుంకి ఘాటెక్కి యెవడు వచ్చును?

సాలూరు దాటి, సుంకి ఘాటు మలుపులన్నియు నెక్కి, పొట్టంగి మీదుగా కొరాపుట్టు చేరునప్పటికి మంచివానికే తల తిరుగును గదా, ఇంక దొంగయైనవాడు ఇంత శ్రమకోర్చి మన యింటి మీదికి రావలసిన యవసర మేమున్నదను సిద్ధాంతము ఈ ప్రాంతపు తెలుగువారిలో మిక్కిలి ప్రాచీనమైనది. ప్రాచీనమగుటయే గాక చిరకాలము సత్యము కూడ నైనది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశాలో చేరువఱకు ఈ సీమ మద్రాసు రాజధానిలో విశాఖపట్టణపు ఏజెన్సీగా నున్న దినములలో, తెల్లదొరలు సైతము ఇచటి మన్యపు జ్వరమునకు జడిసి ఘాటెక్కుటకు వెనుదీయుచుండిరి. కొండలు, దోమలు కలిసి మనలను కాపాడినవి. ఆ ధైర్యము వంశపారంపర్యముగా మనకు సంక్రమించినది. ఇప్పుడు దానిని వైఫైకి కూడ వర్తింపజేయుచున్నాము.

జయపురము బజారులో గాని రాయగడ మెయిన్‌రోడ్డులో గాని ఒక బట్టల దుకాణమునకు పోయి గల్లాపెట్టె పైభాగము నొకసారి పరికింపుడు. నడుమ లక్ష్మీదేవి పటము, దాని ప్రక్కన మజ్జి గౌరమ్మ పటము, వానికి సమాన గౌరవముతో నాలుగు గడులుగా విభక్తమైన కెమెరా తెర, ఆ తెర క్రింద విజయదశమినాడు అద్దిన పసుపుకుంకుమ లింకను చెరగని డీవీఆర్ పెట్టె. ఆ పెట్టె నించుక త్రిప్పి చూచిన, దానిని బిగించిపోయిన మెకానిక్ మార్కరుతో వ్రాసిన రెండు పంక్తులు కనబడును: మొదటిది 'అడ్మిన్', రెండవది '12345'. దుకాణము వెలుపల 'మీరు సీసీ కెమెరా నిఘాలో ఉన్నారు' అను బోర్డు. ఎవరి నిఘాలో నున్నారో మాత్రము దానిమీద వ్రాయలేదు.

పాస్‌వర్డు మార్పలేదేమని యడిగితిరా, యజమాని మీ యమాయకత్వమునకు జాలిపడి, "మనదేటి రిజర్వు బ్యాంకా బాబూ? ఈ కొండల్లోకొచ్చి మన కెమెరా ఎవడు చూత్తాడు?" అని టీ తెప్పించును. ఈయన సామాన్యుడు కాడు. షట్టరు తాళముచెవిని రాత్రి మొలత్రాటికి కట్టుకొని నిద్రించును, బావమఱదికైన ఇయ్యడు. అట్టి జాగరూకుడు, ఒక్క అచ్చులో పోసిన తాళముచెవిని వేలకొలది కొనుగోలుదారులకు పంచిపెట్టిన కర్మాగారమువారి సొత్తును మాత్రము తన దుకాణమునకు సంతోషముగా తగిలించుకొనును. విజ్ఞానశాస్త్ర కళాశాల నిమిత్తము ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలిచ్చిన జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి రాజధానిలో, విమానపుటింజనులు తయారగు సునాబెడ గల జిల్లాలోనే, విజ్ఞానము ఈ స్థితికి వచ్చినది.

ఎవడు వచ్చునను ప్రశ్నకు సమాధానమేమనగా, ఎవడును రానక్కరలేదు. ఇంటర్నెట్టునకు తగులుకొన్న ప్రతి యంత్రమును చేరుటకు ఒక సంఖ్య యుండును. పాత పద్ధతి సంఖ్యలన్నియు కలిసి సుమారు 429 కోట్లు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు జెడ్‌మ్యాప్ అను సాధనమును నిర్మించి, ఒకే కంప్యూటరుతో ఈ సంఖ్యలన్నిటి తలుపును ముప్పావుగంటలో తట్టిరాగలమని చూపిరి. కొరాపుట్టులో బస్సెక్కినవాడు జయపురములో దిగుటకు ఇంచుమించుగా ఆపాటి కాలము పట్టును. తట్టువానికి న్యూయార్కో గుణుపురమో యెఱుక లేదు. వానికి మన ఘాటు లేదు, మన జ్వరము లేదు, మనము బీదవారమను కనికరమును లేదు. తలుపు తీసియున్నదా లేదా యన్నది యొక్కటే వానికి కావలసినది. సామాన్యముగా ఇంటిలోని రౌటరు ఆ తలుపును మూసియే యుంచును. కాని ఇంటికి పోయిన తరువాత కూడ ఫోనులో దుకాణము చూడవలెనని మనము కోరుటచేత, మన సౌఖ్యార్థమై మెకానిక్ దానిని తెఱచిపోవును.

2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము బయలుదేరి చేసినది ఇదియే. దానికి తెలిసిన విద్య యల్లా కర్మాగారములవారు పెట్టిన 62 పేరు-పాస్‌వర్డు జంటలు; ఆ స్వల్పవిద్యతోడనే కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు కలిపి ఒకానొక సమయమున ఆరు లక్షల యంత్రములను అది తన సేనలో చేర్చుకొన్నది. ఆ యేడు అక్టోబరు 21న ఇట్టి సేన, వెబ్‌సైట్లకు దారిచూపు డిన్ అను సంస్థపై విరుచుకుపడగా, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ మొదలగునవి అమెరికాలో చాలచోట్ల గంటలకొలది తెఱచుకొనలేదు. మిరాయ్‌ని పుట్టించినది ఏ శత్రుదేశపు గూఢచారిశాఖయో యనుకొందురేమో! మైన్‌క్రాఫ్ట్ అను ఆటకు సంబంధించిన సర్వర్లను పడగొట్టి లాభము పొందజూచిన ముగ్గురు కుఱ్ఱవాండ్రు, 2017లో నేరమొప్పుకొనిరి. ఇందులో మనవారు గ్రహింపవలసిన సంగతి యొకటున్నది. ఆ లక్షలాది కెమెరాల యజమానుల యిండ్లలో చిల్లిగవ్వ పోలేదు. తెరమీద బొమ్మ యథాప్రకారముగా కనబడుచునే యుండెను. కనుక "మా యింట్లో దోచుకోడానికి ఏముంది?" అను వాదము మహాగంభీరమైనదైనను నిష్ప్రయోజనము, వానికి కావలసినది మన సొమ్ము కాదు, మన కెమెరాయే. యంత్రమును ఆర్పి వెలిగించిన ఆ పీడ అప్పటికి వదలును గాని, పాస్‌వర్డు పాతదేయైనచో మఱల కొద్దిసేపటిలోనే పట్టును.

దోచుకొనుట కేమియు లేదనువారికి రాజ్‌కోట్ సంగతి యొక్కటి చెప్పవలసియున్నది. ఇచట నాకు హాస్యము రాదు. అచటి యొక ప్రసూతి వైద్యశాలలో స్త్రీలను పరీక్షించు గదిలోని కెమెరా దృశ్యములు 2025 ఫిబ్రవరిలో యూట్యూబులోను టెలిగ్రాములోను అంగడి కెక్కినవి. అచటి పాస్‌వర్డు 'అడ్మిన్ 123' అని తరువాత పత్రికలు వ్రాసినవి.

మెకానిక్‌ను తిట్టుటకు నాకు మనసొప్పదు. దినమునకు నాలుగైదు దుకాణముల నిచ్చెన లెక్కి దిగువాడు, రాత్రి పదిగంటలకు యజమాని ఫోనుచేసి "ఏటి బాబూ, తెర నల్లగయిపోనాది" అన్నప్పుడు తడుముకొనక చెప్పుటకై ఊరందఱికి నొకే పాస్‌వర్డు పెట్టినాడు. మార్చుకొన్న బుద్ధిమంతులును లేకపోలేదు. వారు భక్తిపరులగుటచే మజ్జి గౌరమ్మ పేరునకు 123 తగిలించి నిశ్చింతగా నున్నారు. రాయగడలో ఏ పిల్లవానిని లేపి ఊహింపుమన్నను రెండవ ప్రయత్నమునకే చెప్పగలడు. పాపము, అమ్మవారికి ఇదియొక యదనపు కాపలా.

ఇతర దేశములవా రింత స్థితప్రజ్ఞులు కారు. ఇంటర్నెట్టునకు తగులుకొని మాటాడు కెయిలా అను పిల్లల బొమ్మ గూఢచర్యపు పరికరముతో సమానమని 2017లోనే జర్మనీ ప్రభుత్వము నిషేధించి, ఉన్నవానిని ధ్వంసము చేయుడని తల్లిదండ్రులకు చెప్పినది. లోకమంతటికి నొక్కటే పాస్‌వర్డుతో వస్తువులమ్మరాదని బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి చట్టమే యున్నది. మన కేంద్రప్రభుత్వమును 2025 ఏప్రిల్ నుండి భద్రతాపరీక్ష నెగ్గిన సీసీ కెమెరాలనే అమ్మవలెనని నిబంధన చేసినది. కాని ఏ నిబంధనయు ఇదివఱకే మన గోడనెక్కి కూర్చున్న కెమెరాను దింపజాలదు. తెరమీద అప్‌డేటు అని వచ్చినప్పుడెల్ల 'తరువాత' అను మీటను నొక్కు వ్రేలిని పట్టుకొనజాలదు.

అయ్యా, మెకానిక్ నిచ్చెన దిగకముందే పాస్‌వర్డును మీ చేతితో మీరే, అతడు ప్రక్కకు తిరిగియుండగా, పొడుగుగా మార్చుడు. రౌటరు పాస్‌వర్డును అట్లే చేయుడు. చాల రౌటర్లలో అతిథులకని వేఱు వైఫై యుండును. కెమెరాను, టీవీని, మాటాడు బొమ్మను దానికి తగిలించి, బ్యాంకు పని చేయు ఫోనును దానికి దూరముగా నుంచుడు. పడకగదిలో కెమెరా వలదు. మీ దృశ్యములు బయట పడినవనియు డబ్బు పంపుమనియు ఎవడైన బెదరించినచో, సిగ్గుపడి పంపక, సైబరు నేరముల సహాయసంఖ్యయైన 1930కి ఫోను చేయుడు. ఇంతకు, రాత్రి ఇంటినుండి దుకాణము చూచి తీరవలసిన పని మనలో నెందఱికున్నది? ఆ పని లేనివారి కెమెరా పెట్టెలో రికార్డయిన చాలును, దానికి ఇంటర్నెట్టు తీగతో నిమిత్తము లేదు.