సెలైన్ ఎక్కిన కారు

శనాదివారాలు ఇంట్లో ఉండి సోమవారం పొద్దున్నే తాళం తిప్పితే, బోనెట్ కింద టక్ టక్ టక్ అని పళ్ళు కొరికిన చప్పుడు. డ్యాష్‌బోర్డు మీద దీపాలు కాలవలో వదిలిన కార్తీక దీపాల్లా కాసేపు మిణుకుమని కొండెక్కాయి. పిలవకుండానే వాచ్‌మన్ కారు వెనక్కి చేరాడు. "తొయ్యమంటారా సార్?" బండి మొరాయించడం మొదలైన ఈ పద్నాలుగు నెలల్లో నా కారును నా కంటే అతనే ఎక్కువ నడిపాడు.

"బ్యాటరీ పోయింది సార్." బోనెట్ పూర్తిగా లేవకముందే మెకానిక్ నోట తీర్పు వెలువడింది. వాదనలు లేవు, సాక్షులు లేరు. బ్యాటరీ వయసు అయిదు నెలలని చెప్పాను. "ఈమధ్య వచ్చే సరుకే అంత సార్" అన్నాడు.

చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక ఆరెంపీ డాక్టరుగారుండేవారు. జ్వరమన్నా, నడుం నొప్పన్నా, కోడలి మీద కోపమన్నా ముందు ఒక సెలైన్ సీసా వేలాడదీసేవారు. సీసా దిగేసరికి రోగి లేచి కూర్చునేవాడు, మర్నాటికి మళ్ళీ పడుకునేవాడు. కార్ల వైద్యంలో ఆ సీసా పేరు బ్యాటరీ. కొత్తది నిండుగా వస్తుంది కాబట్టి బండి స్టార్టవుతుంది. స్టార్టయింది కాబట్టి పాతదే దోషి. ఈ తర్కానికి ఎదురు చెప్పే దమ్ము మూడు వారాల దాకా ఎవరికీ ఉండదు.

నాలుగైదు వందలు పెడితే మల్టీమీటరు వస్తుంది. ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే అది నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా 14 దరిదాపుల్లో చూపిస్తే డైనమో తన పని తాను చేస్తున్నట్టు. రెండు తీగలు ఆనించి రెండు అంకెలు చదవాలి, అంతే. కానీ ఎలక్ట్రికల్ రోగాన్ని చెవితో విని, ముక్కుతో వాసన చూసి చెప్పే సిద్ధపురుషులకు మీటరు చూపించడమంటే నాడి పట్టే వైద్యుడికి థర్మామీటరు ఇవ్వడమే. అవమానం.

వారంటీ ఉంది కదా అని బ్యాటరీ షాపుకు మోసుకెళ్ళాను. వాళ్ళు రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున లోడ్ టెస్టరు బిగించి చూసి, "బంగారంలాంటి బ్యాటరీ సార్, మీ బండిలోనే ఏదో ఉంది" అన్నారు. మెకానిక్ దగ్గరికొస్తే "బండి బంగారం సార్, బ్యాటరీలోనే ఏదో ఉంది." రెండు బంగారాలూ నా దగ్గరే ఉన్నా నేను ఆటోలో ఆఫీసుకు వెళ్ళాను. ఇంకో సంగతి. లెడ్ యాసిడ్ బ్యాటరీని పదేపదే అడుగంటా ఖాళీ అవనిస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుని అది నిజంగానే చస్తుంది. అంటే "బ్యాటరీ పోయింది" అని అబద్ధం చెబుతూ కూర్చుంటే చాలు, కొన్నాళ్ళకు అదే నిజమవుతుంది. ఇంత భాగ్యం మా ఊరి జ్యోతిష్యుడికి కూడా లేదు.

మా బావగారు ఊరుకోరు కదా. "35 ఆంపియర్లది తీసేసి 45ది వెయ్యవయ్యా, పీడా పోతుంది" అన్నారు. కుండకు చిల్లు పడిందంటే గాబు కొనుక్కోమన్నట్టు. ఎక్కడో 0.4 ఆంపియర్లు కారిపోతున్న బండికి పది ఆంపియర్-అవర్లు అదనంగా పోస్తే కలిసొచ్చేది పాతిక గంటలు. ఒక్క రోజు ఆయుష్షు కోసం రెండు వేలు అదనం. ఆ లెక్క అప్పటికి నాకూ తెలియదు కాబట్టి వేయించాను. తరవాత ఎవరో చెప్పారని బంపరుకు నిమ్మకాయలు కూడా కట్టాను. రాగి మేకు, జింకు మేకు గుచ్చితే నిమ్మకాయలోంచి ఒక వోల్టుకు కాస్త తక్కువ వస్తుంది. ఆ రోజుల్లో నా కారులో నమ్మదగిన విద్యుత్తు అదొక్కటే.

చివరికి ఆటోనగర్లో ఒక ఎలక్ట్రీషియన్ దొరికాడు. బ్యాటరీ బాగుందనీ అనలేదు, పోయిందనీ అనలేదు. ఎర్త్ వైరు విప్పి దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టాడు. తలుపు తీసే ఉంచి, దాని లాక్‌ను మాత్రం స్క్రూడ్రైవరుతో నొక్కి, మూసినట్టు బండిని మభ్యపెట్టాడు. తరవాత స్టూలు లాక్కుని టీ చెప్పాడు.

"ఏమిటి చూస్తున్నావు బాబూ?"

"బండి నిద్రపోవాలి సార్. ఇప్పుడే తాళం తీశాం కదా, లోపలి కంప్యూటర్లన్నీ మేలుకునే ఉంటాయి. అరగంట పడుతుంది."

నిద్రపోయిన బండి 0.05 ఆంపియర్లకు మించి తాగకూడదట. మాది 0.42 దగ్గర ఆగింది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోయాడు. రేడియో ఫ్యూజు పీకగానే అంకె 0.02కు పడింది. స్టీరియో బయటికి లాగాడు. వెనక పసుపు తీగ, ఎర్ర తీగ ఒకదాన్నొకటి పెనవేసుకుని, పైన నల్ల టేపు. పసుపు తీగకు కరెంటు ఎప్పుడూ ఉండాలి, ఎర్రదానికి తాళం తిప్పినప్పుడే రావాలి. నా బండికి పెద్ద తెర స్టీరియో బిగించినవాడెవడో ఎర్రదాని దారి వెతకలేక రెంటికీ పెళ్ళి చేసేశాడు. తెర నల్లబడితే స్టీరియో పడుకుందనుకున్నాను. అది పద్నాలుగు నెలలుగా కళ్ళు మూసుకుని మేలుకునే ఉంది.

తీగలు విడదీసి, ఎర్రదాన్ని తాళం లైనుకు కలిపి, టేపు చుట్టాడు. అయిదొందలన్నాడు.

మూడు బ్యాటరీలకు పదమూడు వేల పైచిలుకు మారుమాట లేకుండా ఇచ్చినవాణ్ణి. "పార్టేమీ వెయ్యలేదు కదయ్యా, చూసినందుకు కూడా డబ్బులా?" అన్నాను. అతను నావైపు ఒకసారి చూసి మీటరు తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. పావుగంట బేరమాడి నాలుగు వందలకు దించాను.